కప్పలకు పేరు పెట్టిన దొర

మన సాహిత్యంలో కప్పకు దక్కిన గౌరవం తక్కువేమీ కాదు. ఋగ్వేదం ఏడవ మండలంలో ఒక సూక్తమంతా మండూకాలను గూర్చియే ఉన్నది. ఒక ఉపనిషత్తు పేరులోనే మండూక శబ్దం వినిపిస్తుంది. వర్షర్తువును వర్ణింపబూని కప్పల కూతను విడిచిపెట్టిన ప్రబంధకవి అరుదు. తెలంగాణపు పల్లెలలో వానలు మొగం చాటు చేసినప్పుడు పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకొని కప్పతల్లి ఆట ఆడుట అందరూ ఎరిగినదే. అయినా, మన ఊరి చెరువులో ఒక రాత్రి అరచే కప్పలు ఎన్ని జాతులవి, ఏది నీటిలో బ్రతికేది, ఏది మన్నులో బ్రతికేది అని అడిగితే పండితుడూ పామరుడూ సమానంగా తెల్లబోవలసినదే. నిఘంటువు తిరగవేస్తే భేకము, దర్దురము, ప్లవము అని సంస్కృత పర్యాయపదాలు, బోదురుకప్ప, గోదురుకప్ప, బాండ్రుకప్ప అని తెలుగు మాటలు కనిపిస్తవి. ఏ మాట ఏ ప్రాణికి చెందునో మాత్రం ఊరూరికీ మారుతూ ఉంటుంది.

దక్షిణదేశపు కప్పలను ఒక్కొక్కదానినే చేత పట్టి, కాలివేళ్లు లెక్కపెట్టి, చర్మం మీది గీతలు పరిశీలించి, పట్టిక వ్రాసిపెట్టిన మొదటివారిలో ఒకడు కుంఫిణీవారి కొలువులోని పటాలపు వైద్యుడు. ఆయన పేరు థామస్ కేవర్‌హిల్ జెర్డన్. పక్షిశాస్త్రం చదివినవారు ఆ పేరును భక్తితో స్మరిస్తారు. కడప జిల్లావారికి కలివికోడి మూలంగా కొంత పరిచితుడే. కప్పల విషయంలో ఆయన చేసిన పనిని మాత్రం తెలుగువారు చెప్పుకొన్నట్లు కనబడదు. అదే ఈ వ్యాసానికి కారణం.

జెర్డన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగంలోని డరమ్ మండలంలో జన్మించినాడు. వంశం స్కాట్లండు సరిహద్దున జెడ్‌బరో పట్టణ సమీపానిది. తండ్రి ఆర్చిబాల్డ్‌కు ప్రకృతిశాస్త్రం మీద మక్కువ. ఆ మక్కువ కుమారులకు ఆస్తివలె సంక్రమించినది. 1828లో జెర్డన్ ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరినాడు. చేరినది సామాన్య విద్యార్థిగానే, కాని రాబర్టు జేమ్సన్ ఆచార్యుని ప్రకృతిశాస్త్ర పాఠాలకు హాజరైనాడు, ప్లీనియన్ సంఘంలో సభ్యుడైనాడు. అంతకు కొద్ది యేండ్ల ముందే ఆ సంఘంలోనే సభ్యుడై, ఆ జేమ్సన్ పాఠాలే విని విసిగిపోయి వెళ్లిన మరొక యువకుడు చార్లెస్ డార్విన్. జెర్డన్ విసుగు చెందిన జాడ లేదు. 1829లో వైద్యవిద్యకు మరలి, 1835 సెప్టెంబరులో కుంఫిణీవారి సహాయవైద్యుడుగా నియమితుడై, 1836 ఫిబ్రవరి 21న చెన్నపట్నం రేవులో దిగినాడు. అప్పటికి ఆయనకు ఇరువదినాలుగేండ్లు.

మొదటి కొలువు గంజాం మండలంలో, జ్వరాలతోను రక్తగ్రహణితోను పడిపోతున్న దండులో. ఆనాడు గంజాం చెన్నపట్నపు రాజధానిలో చేరినదే, తెలుగువారు విరివిగా ఉన్న సీమయే. పగలంతా రోగులను చూచి, మిగిలిన వేళల్లో తూర్పు కనుమల అడవులలో పక్షులను చూచుట ఆయనకు అలవాటైనది. ఆ కాలపు పటాలపు వైద్యుని జీవితం గూర్చి ఒక మాట చెప్పవలె. స్థిరమైన ఇల్లు లేదు, గ్రంథాలయం లేదు, పక్కన సంప్రదించుటకు విద్వాంసుడు లేడు. ఉన్నది గుర్రం, డేరా, మందుల పెట్టె, లెక్కలేనన్ని మజిలీలు. 1837లో రెండవ ఆశ్వికదళానికి మార్చగా తిరుచిరాపల్లి చేరుటకు రెండు మాసాలు పట్టినది. ఇంకొకడైతే ఆ రెండు మాసాలూ దుమ్మును తిట్టుకొంటూ గడిపేవాడు. జెర్డన్‌కు మజిలీయే పాఠశాల.

తరువాత దళం జాల్నాకు సాగినది. జాల్నా నేడు మహారాష్ట్రలో ఉన్నది గాని, ఆనాడు నిజాము ప్రభువుల రాజ్యంలో దండు విడిసిన ఊరు. అక్కడ నాలుగేండ్లు. మన హైదరాబాదు నిలిచిన దక్కను పీఠభూమి ఎట్టిదో ఆయనకు తెలిసినది ఆ నాలుగేండ్లలోనే: ఎనిమిది మాసాలు బండలు పగిలే ఎండ, నాలుగు మాసాలు వాన, ఆ వానతో ఎక్కడ చూచినా గుంటలు, కుంటలు, వాటి నిండా ప్రాణులు.

జాల్నా రోజులలోనిదే ఒక చిత్రమైన సంగతి. తాను సేకరించిన పక్షిచర్మాలలో ఒక జత స్కాట్లండులోని సర్ విలియం జార్డైన్ అనే పక్షిశాస్త్రజ్ఞునికి పంపి, ఆయన నిర్ణయం కోసం ఎదురు చూచినాడు. ఓడ చేరేసరికి చర్మాలన్నీ చిమ్మటలు కొట్టి పాడైపోయినవి. నిర్ణయం చెప్పవలసిన పెద్దకు చూచుటకేమీ మిగలలేదు. గత్యంతరం లేక జెర్డన్ తన కన్నులనే నమ్ముకొన్నాడు. 1839-40లో చెన్నపట్నపు సాహిత్య శాస్త్ర పత్రికలో దక్షిణ ద్వీపకల్పపు పక్షుల పట్టికను సొంత పూచీ మీద ప్రకటించినాడు. అందులో 420 జాతులు. అంతకు ముందు దక్కను పక్షులను వర్ణించిన సైక్స్ దొర లెక్కకు ఇది ఇంచుమించు రెట్టింపు. చిమ్మటలు ఆయనకు ఉపకారమే చేసినవని నా అభిప్రాయం. పెద్దల తీర్పుకు కాచుకొని కూర్చునే అలవాటు ఆనాటితో తీరిపోయినది.

ఆ పత్రికలోనే, ఆ యేండ్లలోనే, మరొక కుంఫిణీ ఉద్యోగి తెలుగు భాషాసాహిత్యాలను గూర్చి దీర్ఘవ్యాసం ప్రకటిస్తూ ఉన్నాడు. ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఒకరు తాళపత్రాలలో చెద తినగా మిగిలిన పద్యాలను ఏరుకొంటున్నారు. ఒకరు చిమ్మట తినగా మిగిలిన ఈకలను. తెలుగు అధ్యాపకులమైన మేము బ్రౌనును నిత్యం తలచుకొంటాము, న్యాయమే. ఆ సంపుటాలనే తిరగవేస్తూ జెర్డన్ పుటలు వచ్చేసరికి గబగబ దాటిపోతాము. అది న్యాయమనిపించదు.

1841లో జెర్డన్ ఫ్లోరా మెక్లియాడ్ అనే ఆమెను వివాహమాడినాడు. ఆమెకు పూలమొక్కల చిత్రాలు వ్రాయుట యందు నేర్పు. ఆమె బంధువుల మూలంగా నీలగిరులు చూచే అవకాశం కలిగినది. ఆ తరువాత నెల్లూరికి సివిల్ సర్జనుగా వచ్చినాడు.

నెల్లూరి కాలం ఆయన జీవితంలో మనకు అన్నిటికన్న దగ్గరిది. పెన్న ఇసుకతిన్నెలు, పెద్ద చెరువులు, వరి మళ్లు, సముద్రపు పక్కన చవిటినేలలు, పడమట వెలికొండలు అన్నీ ఒక్క మండలంలోనే. వీటన్నిటినీ చదువు లేకుండానే చదివినవారు అక్కడి యానాదులు. ఏ పొదలో ఏ పిట్ట గూడు కట్టునో, ఏ గుంటలో ఏ ప్రాణి దాగునో వారికి తెలిసినంత మరొకరికి తెలియదు. జెర్డన్ వారితో కలసి తిరిగినాడు, వారి మూలంగా ప్రాణులను సంపాదించినాడు, వారి జ్ఞానాన్ని వ్రాసికొన్నాడు. తరువాతి గ్రంథాలలో పక్షులకు తెలుగు పేర్లు విరివిగా ఇచ్చినాడంటే, ఆ పేర్లు మొదట ఇట్టివారి నోటినుండి వచ్చినవే గదా. గ్రంథం పైన పేరు మాత్రం దొరది. ఆ కాలపు విద్యలన్నిటికీ ఉన్న కళంకమే ఇది; బ్రౌను చుట్టూ ఉన్న పండితులకు కొంత పేరైనా మిగిలినది, యానాదులకు అదీ లేదు. నెల్లూరి కాలపు ఫలమే 1843-47 నడుమ చెన్నపట్నంలో అచ్చయిన భారత పక్షుల చిత్రసంపుటం. అందులోని 50 చిత్రాలు మన దేశపు చిత్రకారులు వ్రాసినవి. ఉత్తర సర్కారులలో అధికారిగా ఉండి, అమరావతి శిల్పాలను వెలికితీసి, 1859లో మన మొక్కల తెలుగు పేర్లతో ఆంధ్ర వృక్షావళిని ప్రకటించిన వాల్టర్ ఇలియట్ ఆయనకు మిత్రుడు.

1847లో మలబారు తీరంలోని తెల్లిచ్చేరికి మారినాడు. 1849లో దక్షిణదేశపు మంచినీటి చేపలను గూర్చి, 1851లో చీమలను గూర్చి వ్రాసినాడు. ఎగిరి దూకి వేటాడే ఒక వింత చీమ ఆయన వర్ణించినదే. ఒక మనిషికి పక్షి, చేప, చీమ అన్నీ ఎట్లా పట్టుబడినవని ఆశ్చర్యం కలుగవచ్చు. నేడు శాస్త్రం శాఖోపశాఖలుగా చీలి, ఒకడు ఒక చీమకే జీవితం ధారపోస్తున్నాడు. ఆనాడు చూచేవాడు ఒక్కడు, చూడవలసినది అంతా. అందుచేతనే లోతు తక్కువైన చోట్లు కూడా ఆయన రచనలలో ఉన్నవి.

ఇక కప్పలు. 1852లో సాగరులోని ఆశ్వికదళానికి జెర్డన్ పూర్తి వైద్యాధికారి అయినాడు. 1853లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో దక్షిణ ద్వీపకల్పపు సరీసృపాల పట్టికను ప్రకటించినాడు. ఆ కాలంలో కప్పలను కూడా సరీసృపాలతోనే కలిపి లెక్కించేవారు. కావున పాముల వెనుక, బల్లుల వెనుక, పట్టిక చివరన కప్పలు వచ్చినవి. చివరనైతేనేమి, అందులో కొత్తవి అనేకం. పడమటి కనుమల అడవులలో వీపు ఒక రంగు, పక్కలు ఒక రంగుగా ఉండే కప్ప. వయనాడు చెట్లమీది చిరుకప్ప. నదుల దాపున ఇసుకగట్లలో దాగి ఉండే ఎర్రని సన్ననోటి కప్ప. ఇవన్నీ నేటికీ ఆయన పేరుతోను 1853వ సంవత్సరంతోను శాస్త్రగ్రంథాలలో నిలిచి ఉన్నవి.

వీటిలో మన పీఠభూమి కప్ప ఒకటి. రానా క్రాసా అని నామకరణం చేసినాడు. లాటిను భాషలో రానా అంటే కప్ప, క్రాసా అంటే లావైనది. నేడు దానిని హోప్లోబట్రాకస్ క్రాసస్ అంటున్నారు. గ్రీకు మాటలను విడదీస్తే ఆయుధం ధరించిన లావుకప్ప అని అర్థం వస్తుంది. ఇంగ్లీషువారు వాడుకలో జెర్డన్ పేరుతోనే పిలుస్తారు. దొరికిన చోటు కర్ణాటకమని వ్రాసినాడు. ఆనాటి కర్ణాటకమంటే నేటి కర్ణాటక రాష్ట్రం కాదు. నెల్లూరు మొదలు దక్షిణంగా సాగిన తూర్పు మైదానం. అనగా ఈ కప్ప మనదే.

మన చెరువులలో ఉండే పెద్ద బోదురుకప్పకు ఇది దగ్గరి చుట్టం. రెంటినీ ఒకటేనని తలచినవారు శాస్త్రజ్ఞులలోనూ ఉన్నారు. చూపుకు కొట్టవచ్చే భేదం కాలి దగ్గర ఉన్నది. ఈ లావుకప్ప వెనుకకాలి అడుగున పారవంటి గట్టి బుడిపె ఉంటుంది. ఆ పారతో వెనుకకు మన్ను తోసికొంటూ, తోకవైపు నుండి నేలలోకి దిగబడుతుంది. ఎండకాలం దాని కాపురం అక్కడే. పెద్ద బోదురుకప్ప చెరువునే నమ్ముకొని ఉంటే, ఇది చెరువునూ నమ్ముతుంది, మన్నునూ నమ్ముతుంది.

దక్కను కప్పల జీవితరహస్యమంతా ఈ రెండవ నమ్మకంలో ఉన్నది. కప్ప చర్మంతో కూడ ఊపిరి పీలుస్తుంది, చర్మంతోనే నీరు త్రాగుతుంది. ఆ చర్మం ఎండితే చావే. ఎనిమిది మాసాలు వాన లేని నేలలో ఇట్టి ప్రాణి ఎట్లా బ్రతుకుతుంది? మన్నులో పాతుకొని బ్రతుకుతుంది. లావుకప్ప ఒక్కటే కాదు, గుండ్రని మట్టికప్పలు, బుడగవలె ఉబ్బే చెదలుతిండి కప్పలు నేల అడుగున తడి ఉన్న చోట నెలల తరబడి నిద్రిస్తవి. తొలకరి జల్లుతో కాదు, నేల నాని నీరు నిలిచే పెద్ద వాన పడిన రాత్రి ఒక్కమారుగా పైకి వస్తవి. మగ బోదురుకప్పలు ఆ నాలుగు దినాలూ పసుపు పూసికొన్నట్లు పచ్చబడతవి, దవడల పక్కన నీలపు సంచులు ఉబ్బుతవి. పెండ్లికొడుకు వేషమనుటకు సందేహం లేదు. గుంటలో గ్రుడ్లు పెట్టుట, తోకకప్పలు పుట్టుట, వాటికి కాళ్లు మొలచుట, తోక అంతరించుట, ఇదంతా నెల, నెలన్నర లోపల ముగియవలె. ముగియక ముందే గుంట ఎండితే ఆ తరం అంతా పోతుంది. చెట్టుకప్పది వేరు పద్ధతి: నీటిమీదికి వంగిన కొమ్మకు నురుగు గూడు కట్టి గ్రుడ్లు పెడుతుంది, పిల్లలు పొదిగి క్రింది నీటిలోకి జారుతవి. బోదురుకప్ప పిల్లలు మాంసాహారులు, ఇతర కప్పల పిల్లలను మ్రింగుతవి. అందుచేత చిన్నకప్పలు పెద్ద చెరువుకన్న చేపలు లేని, బోదురు లేని చిన్న వానగుంటనే కోరుకొంటవి. పెద్ద చెరువు ఒక్కటి ఉంటే చాలు, గుంటలతో పని లేదనుకొనే పట్టణనిర్మాతలకు ఈ మర్మం తెలిసినట్లు లేదు.

జెర్డన్‌కు ఈ చరిత్రంతా తెలియదు. ఆయన వ్రాసినది రూపురేఖలు, దొరికిన చోటు, ఒకటి రెండు అలవాట్లు. వర్ణనలు కొన్ని మరీ పొట్టివి. తరువాతివారు ఏ కప్పను గూర్చి చెప్పినాడో తేల్చుకొనుటకు తల బ్రద్దలు కొట్టుకొన్నారు. శ్రద్ధాళువే గాని క్రమశిక్షణ గలవాడని అనలేము. ఒక సీమలో కాలు నిలవని మనిషికి అది సాధ్యమయ్యేది కాదేమో.

1858లో సర్జన్ మేజరు అయినాడు. కానింగు ప్రభువు ప్రోత్సాహంతో భారతదేశపు వెన్నెముక గల ప్రాణులన్నిటికీ చేతిపుస్తకాలు వ్రాసే పని మీద పడినాడు. 1862-64లో భారత పక్షులు వెలువడినది, 1008 జాతులతో. 1867లో క్షీరదాలు. సరీసృపాలు, చేపలు కూడ ఆ వరుసలో రావలసినవి, రాలేదు. 1868లో కొలువు విరమించినా వెంటనే ఇల్లు చేరలేదు. 1870లో ప్రకటించిన సరీసృపాల వ్యాసంలో, వేళ్ల నడుమ తోలును గొడుగువలె విప్పి చెట్టునుండి చెట్టుకు జారే మలబారు ఎగిరేకప్పకు పేరు పెట్టినాడు. ఆ యేడే స్వదేశానికి మరలి, 1872 జూన్ 12న లండను దాపున నార్వుడ్‌లో కన్నుమూసినాడు. వయస్సు అరువది. కప్పలకు ఆయన వ్రాయదలచిన పుస్తకం లేకనే పోయినది. ఆ లోటు బెల్జియం దేశపు విద్వాంసుడు బౌలెంజరు 1890లో తీర్చినాడు. ఆయన ఏ తొలకరికీ దక్కనులో నిలబడి కప్పల కూత వినలేదు. లండను మ్యూజియములోని సీసాలే ఆయన చెరువులు.

జెర్డన్ పేరు పెట్టిన కప్పల కథ ఆయనతో ముగియలేదు. ఇరువదవ శతాబ్దిలో విదేశీయుల భోజనపు బల్లలకు మన కప్పల కాళ్లు వేల టన్నులు ఎగుమతి అయినవి. 1985లో బోదురుకప్పను అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పట్టికలో చేర్చినారు. 1987లో భారత ప్రభుత్వం కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించినది. వేటనుండి ఆ విధంగా కొంత రక్షణ కలిగినది. నేలనుండి కలిగిన ముప్పుకు అట్టి ఆజ్ఞ ఏదీ లేదు.

ఆ ముప్పు చూడదలచినవారు ఎంతో దూరం పోనక్కరలేదు. హైదరాబాదుకు పడమట, మాదాపురం, కొండాపురం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ గ్రామాలుండిన భూమి జెర్డన్ జాల్నాలో ఎరిగిన పీఠభూమి వంటిదే: బండరాళ్లు, వాటి నడుమ కుంటలు, దిగువన చెరువులు. గోలకొండ కోటకు త్రాగునీరిచ్చినదని చెప్పుకొనే దుర్గం చెరువు అక్కడిదే. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైనది. అక్కడనుండి పాతికేండ్లలో ఆ సీమకు హైటెక్ సిటీ అని, సైబరాబాదు అని కొత్త పేర్లు వచ్చినవి. లక్షలమందికి అన్నం పెట్టిన పేర్లవి. వాటిని నిందించుట నా ఉద్దేశం కాదు. మా విద్యార్థులలో ఎందరో అక్కడ కొలువులు చేస్తున్నారు. అయితే ఒక కప్ప కన్నుతో చూస్తే ఏమైనది? చెరువులు పేరుకు నిలిచినవి, 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన కూడ వెలసినది. చెరువుకూ చెరువుకూ నడుమ ఉండిన వానగుంటలు, పోరంబోకు పల్లాలు, మెత్తని మన్ను పోయి, వాటి స్థానంలో సిమెంటు, తారు, గచ్చు వచ్చినవి. పారవంటి కాలితో త్రవ్వేవానికి త్రవ్వుటకు మన్ను కావలె గదా. వాన పడిన రాత్రి గ్రుడ్లు పెట్టుటకు చెరువు చేరవలెనంటే నాలుగు వరుసల రోడ్డు దాటవలె. దాటి చేరినా, మురుగు కలసి గుర్రపుడెక్క క్రమ్మిన నీటిలో తోకకప్పకు ఊపిరి ఆడదు. దోమల పురుగులను తినుటకని వదలే గంబూసియా చేపలు కప్పగ్రుడ్లనూ తోకకప్పలనూ విడిచిపెట్టవు. ఇట్టి చోట నెగ్గుకొచ్చేవి నీటిమీద గెంతుతూ సాగే చిన్న చెరువుకప్ప, ఇంటి వెనుక మురుగుకాలువ పక్కన ఉండే గరుకు చర్మపు గోదురుకప్ప. మట్టినిద్ర పోయే కప్పలకు ఆ సీమ క్రమంగా పరదేశమవుతున్నది.

మిగిలిన మన్ను కొంత ఉన్నది. 1974లో నెలకొల్పిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో రాళ్లగుట్టలు, పొదలు, చెరువులు ఇంకను ఉన్నవి. దానిని అంటిన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల విషయమై 2025 మార్చి నెలాఖరున పెద్ద అలజడి రేగినది. యంత్రాలు వచ్చి చెట్లు కూల్చుట, విద్యార్థులు అడ్డుపడుట, ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం తనంత తానే కలుగజేసికొని పనిని ఆపించుట పత్రికలలో అందరూ చదివినదే. నెమళ్లను గూర్చి, జింకలను గూర్చి చాలామంది వ్రాసినారు. కప్పలను తలచినవారు కొద్దిమంది. కంచ అంటే పశువుల మేతకై విడిచిన బీడు. సాగు లేదు కనుక బంజరని వ్యవహారం. బంజరుకు బయట దున్నేవాడు లేడు గాని, లోపల నిద్రించేవారు వేలు. మార్చి నెల అనగా కప్పలన్నీ నేల అడుగున ఉన్న కాలం. యంత్రం నడిచినప్పుడు నెమలి ఎగురగలదు, జింక పరుగెత్తగలదు.

కప్ప పోతే మనకేమి అనేవారికి వైద్యుడైన జెర్డన్ పక్షాన ఒక మాట చెప్పవచ్చు. గంజాంలో ఆయన చేతులమీద ఎందరో జ్వరంతో మరణించినారు. ఆ జ్వరానికి మూలం దోమ అని ఆయనకు తెలియదు. ఆయన పోయిన పాతికేండ్లకు, 1897 ఆగస్టు 20న, సికిందరాబాదు దాపున బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఇంకొక నూటపాతికేండ్లకు, 2022లో, అమెరికా విద్వాంసులు కోస్టారీకా, పనామా దేశాలలో శిలీంధ్రరోగం వలన కప్పలు నశించిన మండలాలలో ఆ వెనుకనే మలేరియా పెరిగినదని లెక్కలతో చూపినారు. కప్పలు దోమలను, తోకకప్పలు దోమ పిల్లల మేతను తగ్గించుట దీనికి కారణమని వారి ఊహ. పటాలపు వైద్యుడు పగలు చేసిన పనికీ, సాయంకాలం చేసిన పనికీ ఇంత దగ్గరి చుట్టరికమున్నదని ఆయన బ్రతికి ఉండగా ఎవరూ ఎరుగరు.

కలివికోడి ప్రసక్తి లేక జెర్డన్ కథ పూర్తి కాదు. తూర్పు కనుమలలో కడప ప్రాంతాన ఆయన సంపాదించిన ఈ పరుగుపిట్టను 1848లో కలకత్తాలో బ్లైత్ వర్ణించినాడు. 1900లో అనంతపురం దాపున కనిపించిన తరువాత దాని జాడ లేదు. అంతరించినదనే తలచినారు. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘం వారి అన్వేషణలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర తిరిగి దొరికినది. వెదకిన విద్వాంసులకు అది దొరికినది ఆ ఊరి పిట్టలవేటగాని మూలంగా. అతనికి ఆ పక్షి రాత్రివేళల తిరుగునని తెలుసు, దాని పేరు తెలుసు. నెల్లూరిలో యానాదులు చేసిన ఉపకారమే, దాదాపు నూటనలుబది యేండ్లకు, మరల జరిగినది. లావుకప్పకు అట్టి తెలుగు పేరు ఏదైనా ఏ పల్లెలోనైనా నిలిచి ఉన్నదా అని నేను పరిచయస్థులను అడుగుతూనే ఉన్నాను. చాలామంది బోదురుకప్ప అనే చెప్పినారు.

ప్రపంచంలోని ఉభయచరాలు ఎనిమిదివేల పైచిలుకు జాతులను పరిశీలించి 2023లో వెలువరించిన లెక్కలో నూటికి 41 ప్రమాదంలో ఉన్నవని తేలినది. వెన్నెముక గల మరే వర్గానికీ ఇంతటి దుస్థితి లేదు. ప్రకృతి సంరక్షణ సంఘం వారి ఎర్రపట్టికలో కలివికోడి తీవ్రాతితీవ్ర ప్రమాదశ్రేణిలో ఉన్నది. జెర్డన్ లావుకప్ప మాత్రం భయం లేని శ్రేణిలో ఉన్నది. ఆ నిర్ణయం భారతం, శ్రీలంక, నేపాళం, బంగ్లాదేశ్ అంతటినీ కలిపి చేసినది. ఒక్క కుంట సంగతి, ఒక్క కంచ సంగతి అందులో కనబడదు.